బ్రోమిన్ ఎంపిక రహస్యం ఎక్కడుంది?

ప్రశ్న: నేను బీఎస్సీ మొదటి సంవత్సరం విద్యార్థినిని. ప్రొపేన్‌ను కాంతి సమక్షంలో క్లోరిన్‌తో చర్య జరిపితే 1-క్లోరోప్రొపేన్ 45 శాతం, 2-క్లోరోప్రొపేన్ 55 శాతం వస్తాయని, అదే బ్రోమిన్‌తో అయితే 2-బ్రోమోప్రొపేన్ 97 శాతం వస్తుందని పుస్తకంలో చదివాను. సెకండరీ రాడికల్‌కు (నడిమి కార్బన్ మీద జంట లేని ఎలక్ట్రాన్ ఉన్న కణానికి) స్థిరత్వం ఎక్కువ కావడమే ఇందుకు కారణమని రాశారు. కానీ రెండు చర్యల్లోనూ ఏర్పడేది ఒకే ఐసోప్రొపైల్ రాడికల్ కదా? కారణం ఒకటే అయినప్పుడు ఫలితాలు ఇంత వేరుగా ఎందుకున్నాయి? చర్యాశీలత ఎక్కువైతే ఎంపిక (ఒక ఉత్పన్నాన్నే ఎక్కువగా ఇచ్చే గుణం) తగ్గుతుందని గుర్తుపెట్టుకోమని మా అధ్యాపకులు చెప్పారు గానీ, అది నాకు కారణంలా అనిపించలేదు. మరో సందేహం: క్లోరిన్ పరమాణువు నేరుగా మీథేన్‌లోని కార్బన్‌కే అతుక్కుని హైడ్రోజన్‌ను బయటకు పంపకూడదా? ఈ అధ్యాయంలోని సంఖ్యలన్నింటినీ కంఠస్థం చేయక తప్పదా?

సమాధానం: మీ మొదటి ప్రశ్న చాలా సరైన చోట వేలు పెట్టింది. ఐసోప్రొపైల్ రాడికల్ క్లోరిన్ వల్ల పుట్టినా, బ్రోమిన్ వల్ల పుట్టినా ఒకటే. దాని స్థిరత్వంలో వెంట్రుకవాసి తేడా కూడా ఉండదు. కాబట్టి స్థిరత్వం ఎక్కువ అన్న ఒక్క మాటతో 55 శాతానికీ 97 శాతానికీ మధ్య ఉన్న దూరాన్ని వివరించడం సాధ్యం కాదు. మీ అధ్యాపకులు చెప్పిన సూత్రం కూడా తప్పు కాదు గానీ, అది జరిగిన విషయాన్ని చెబుతుందే తప్ప ఎందుకు జరిగిందో చెప్పదు. బ్రోమిన్ నెమ్మదిగా చర్య జరుపుతుంది కాబట్టి తీరిగ్గా చూసి ఎంచుకుంటుందని కొందరు సరదాగా చెబుతుంటారు. అణువులకు తీరికా ఉండదు, తొందరా ఉండదు. ఆ వివరణను పక్కన పెట్టేయండి.

అసలు కారణం దగ్గరకు వెళ్లేముందు మీ రెండో సందేహాన్ని తీర్చుకుందాం. దానికి వాడే లెక్కనే మొదటి ప్రశ్నకూ వాడబోతున్నాం. మీథేన్ క్లోరినీకరణంలో ముందుగా కాంతి క్లోరిన్ అణువును రెండు పరమాణువులుగా విడగొడుతుంది. ఆ బంధాన్ని తెంచడానికి మోల్‌కు 243 కిలోజౌళ్లు కావాలి. 492 నానోమీటర్లు లేదా అంతకంటే తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న కాంతికి ఆ శక్తి ఉంటుంది. మీథేన్‌లోని కార్బన్-హైడ్రోజన్ బంధానికి 439 కిలోజౌళ్లు, అంటే దాదాపు 272 నానోమీటర్ల కాంతి కావాలి. నేలకు చేరే ఎండలో అంత తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి లేదు, పైగా మీథేన్ ఆ కాంతిని శోషించుకోదు. అందుకే ప్రారంభ దశలో తెగేది ఎప్పుడూ క్లోరిన్ అణువే.

ఇప్పుడు ఆ క్లోరిన్ పరమాణువు ముందు రెండు దారులున్నాయి. మీథేన్ నుంచి హైడ్రోజన్‌ను లాక్కుని హైడ్రోజన్ క్లోరైడ్‌గా మారి, మిథైల్ రాడికల్‌ను వదిలేయడం మొదటిది. మీరు ఊహించినట్టు కార్బన్‌కే అతుక్కుని మిథైల్ క్లోరైడ్‌ను ఏర్పరచి, హైడ్రోజన్ పరమాణువును బయటకు పంపడం రెండోది. రెండింటిలోనూ తెగేది అదే 439 కిలోజౌళ్ల బంధం. మొదటి దారిలో ఏర్పడే హైడ్రోజన్-క్లోరిన్ బంధం వల్ల 431 కిలోజౌళ్లు తిరిగి వస్తాయి. లోటు 8 మాత్రమే. రెండో దారిలో ఏర్పడే కార్బన్-క్లోరిన్ బంధం విలువ సుమారు 350; లోటు దాదాపు 89. ఉష్ణగ్రాహక చర్యలో, అంటే బయటి నుంచి శక్తి తీసుకునే చర్యలో, ఉత్తేజన శక్తి (చర్య జరగడానికి దాటాల్సిన కనీస శక్తి) ఆ లోటుకంటే తక్కువ ఉండటానికి వీల్లేదు. గది ఉష్ణోగ్రత దగ్గర ఉత్తేజన శక్తి 5.7 కిలోజౌళ్లు పెరిగిన ప్రతిసారీ చర్య వేగం పదో వంతుకు పడిపోతుందన్న సంగతి గుర్తుంచుకుంటే, మొదటి దారిలో పోయే పరమాణువులతో పోల్చినప్పుడు రెండో దారిలో పోయేవి లెక్కలోకి రానంత తక్కువని మీకే అర్థమవుతుంది. పరీక్షల్లో చాలామంది పురోగమన దశలో (చర్యను ముందుకు నడిపే అడుగుల్లో) హైడ్రోజన్ పరమాణువును విడిగా రాసి మార్కులు పోగొట్టుకుంటారు. మీరు రాసిన దశల్లో ఎక్కడైనా ఒంటరి హైడ్రోజన్ పరమాణువు కనిపిస్తే ఆ దశ తప్పని వెంటనే గ్రహించండి.

మొదటి దారిలో పుట్టిన మిథైల్ రాడికల్ మరో క్లోరిన్ అణువును తాకి, మిథైల్ క్లోరైడ్‌గా మారి, కొత్త క్లోరిన్ పరమాణువును వదులుతుంది. ఈ అడుగులో 100 కిలోజౌళ్లకు పైగా శక్తి విడుదలవుతుంది కాబట్టి దీనికి ఆటంకమేమీ ఉండదు. ఆ కొత్త పరమాణువు మళ్లీ మొదటి అడుగును మొదలుపెడుతుంది. ఒక్క ఫోటాన్‌తో మొదలైన ఈ శృంఖలంలో వేలకొద్దీ అణువులు మారిపోవడానికి కారణం ఇదే. రెండు పురోగమన దశలను కలిపితే రాడికల్‌లు రెండు వైపులా కొట్టివేయబడి మొత్తం సమీకరణం మిగలాలి. మీ జవాబును సరిచూసుకోవడానికి ఇంతకంటే సులువైన పద్ధతి లేదు. ప్రారంభ దశను ఆ కూడికలో కలపకూడదు. సమాప్తి దశలో రెండు మిథైల్ రాడికల్‌లు కలిసి ఈథేన్ ఏర్పడుతుంది. అది కొద్దిపాటి మోతాదులో కనిపించడం ఈ చర్య రాడికల్‌ల ద్వారానే జరుగుతోందనడానికి మంచి సాక్ష్యం.

ఇక బ్రోమిన్ సంగతి. ప్రొపేన్‌లో చివరి కార్బన్‌ల మీద ఆరు ప్రైమరీ హైడ్రోజన్‌లు, నడిమి కార్బన్ మీద రెండు సెకండరీ హైడ్రోజన్‌లు ఉన్నాయి. ప్రైమరీ బంధం విలువ సుమారు 423 కిలోజౌళ్లు, సెకండరీది సుమారు 413. రెండు రాడికల్‌ల స్థిరత్వంలో తేడా అంటే ఈ పది కిలోజౌళ్లే. పాత పుస్తకాల్లో ఈ విలువలు కొంచెం తక్కువగా, తేడా 13 దాకా కనిపిస్తుంది. అందువల్ల కంగారుపడనక్కర్లేదు గానీ, ఒక లెక్కకు ఒకే పుస్తకంలోని విలువలు వాడండి.

క్లోరిన్‌తో లెక్క వేయండి. హైడ్రోజన్-క్లోరిన్ బంధం 431 కాబట్టి ప్రైమరీ హైడ్రోజన్‌ను లాగితే 8 కిలోజౌళ్లు, సెకండరీని లాగితే 18 కిలోజౌళ్లు విడుదలవుతాయి. రెండూ ఉష్ణమోచక చర్యలే. బ్రోమిన్‌కు వచ్చేసరికి హైడ్రోజన్-బ్రోమిన్ బంధం 366 మాత్రమే. అందువల్ల ప్రైమరీని లాగడానికి 57 కిలోజౌళ్లు, సెకండరీని లాగడానికి 47 కిలోజౌళ్లు బయటి నుంచి కావాలి. రెండూ గట్టి ఉష్ణగ్రాహక చర్యలు. రెండు హాలోజన్‌ల విషయంలోనూ ప్రైమరీకీ సెకండరీకీ మధ్య తేడా అదే పది. మీరు అడిగినది ఈ పది గురించే: అది ఒకటే అయినప్పుడు ఫలితం ఎందుకు మారింది?

ఎందుకంటే ఏ ఉత్పన్నం ఎంత రావాలో నిర్ణయించేది రాడికల్ కాదు, రాడికల్ ఏర్పడే దారిలో ఉన్న శిఖరం, అంటే పరివర్తన స్థితి. హైడ్రోజన్ సగం కార్బన్‌తోనూ సగం హాలోజన్‌తోనూ ముడిపడి ఉన్న ఆ క్షణంలో రెండు దారుల శిఖరాల ఎత్తులో ఎంత తేడా ఉంటే, ఉత్పన్నాల నిష్పత్తిలో అంత తేడా వస్తుంది. రాడికల్‌ల మధ్య ఉన్న పది కిలోజౌళ్లలో ఎంత భాగం శిఖరం దగ్గరకే చేరుతుందనేదే ఇక్కడ అసలు ప్రశ్న.

దీనికి జార్జ్ హామండ్ 1955లో ప్రతిపాదించిన సూత్రం జవాబు చెబుతుంది. ఒక అడుగులో శక్తి పరంగా దగ్గరగా ఉన్న రెండు స్థితులు నిర్మాణంలోనూ దగ్గరగా ఉంటాయని ఆ సూత్రం సారాంశం. ఉష్ణమోచక చర్యలో పరివర్తన స్థితి శక్తిలో క్రియాజనకాలకు దగ్గరగా ఉంటుంది. కాబట్టి చూడటానికీ వాటిలాగే ఉంటుంది. క్లోరిన్ హైడ్రోజన్‌ను లాగేటప్పుడు శిఖరం తొందరగానే వచ్చేస్తుంది. అప్పటికి కార్బన్-హైడ్రోజన్ బంధం కొద్దిగా సాగిందే తప్ప తెగే స్థితికి రాలేదు, కార్బన్ మీద రాడికల్ లక్షణం ఇంకా నామమాత్రంగానే ఉంది. ఇంకా సరిగా ఏర్పడని రాడికల్ ప్రైమరీదైతేనేం, సెకండరీదైతేనేం? దాని స్థిరత్వం శిఖరం ఎత్తును మార్చేది చాలా స్వల్పం. బ్రోమిన్ విషయంలో చర్య ఉష్ణగ్రాహకం కాబట్టి శిఖరం ఆలస్యంగా, ఉత్పన్నానికి దగ్గరగా వస్తుంది. అక్కడికి చేరేసరికి పాత బంధం దాదాపు తెగిపోయి ఉంటుంది, కార్బన్ దాదాపు రాడికల్‌గా మారిపోయి ఉంటుంది, అందువల్ల రాడికల్‌ల స్థిరత్వంలోని తేడా దాదాపు పూర్తిగా శిఖరాల ఎత్తులోనూ ప్రతిఫలిస్తుంది.

ఇది మాటలతో ఆగిపోయే వాదన కాదు, ప్రయోగ ఫలితాల నుంచి వెనక్కి లెక్క కట్టి పరీక్షించవచ్చు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద క్లోరిన్‌కు ఒక్కో సెకండరీ హైడ్రోజన్, ఒక్కో ప్రైమరీ హైడ్రోజన్ కంటే 3.8 రెట్లు చర్యాశీలమైనది. ఆ ఉష్ణోగ్రత దగ్గర 3.8 రెట్ల తేడా రావడానికి శిఖరాల ఎత్తులో 3.3 కిలోజౌళ్ల తేడా చాలు. అంటే ఉన్న పదిలో మూడో వంతు. 127 డిగ్రీల వద్ద బ్రోమిన్‌కు ఈ నిష్పత్తి 82. అందుకు 14 కిలోజౌళ్లకు పైగా తేడా కావాలి. అంటే ఉన్న తేడా మొత్తం శిఖరం దగ్గరకు చేరిందన్నమాట. పదికీ పద్నాలుగుకూ మధ్య ఉన్న వ్యత్యాసాన్ని ఇంత ముతక లెక్కలో పట్టించుకోనక్కర్లేదు. వేగాన్ని నిర్ణయించే ఇతర అంశాలేవీ ఇందులో కలపలేదు, బంధ విలువలు కూడా పుస్తకానికీ పుస్తకానికీ కాస్త మారుతాయి. ఇక్కడ గమనించదగ్గ మరో విషయం ఉంది. ఉష్ణోగ్రత పెరిగితే ఎంపిక తగ్గడం సాధారణ ధర్మం. క్లోరిన్ విషయంలో 600 డిగ్రీల ప్రాంతంలో ఎంపిక దాదాపు మాయమై, ఏ రకం హైడ్రోజన్‌లు ఎన్ని ఉన్నాయన్న దాని మీదే ఉత్పన్నాల నిష్పత్తి ఆధారపడుతుంది. బ్రోమిన్ మాత్రం క్లోరిన్ కంటే వంద డిగ్రీలు ఎక్కువ వేడిలో కూడా ఇంత కచ్చితంగా ఎంచుకుంటోంది.

కాబట్టి నెమ్మదితనం ఎంపికకు కారణం కాదు. నెమ్మదితనానికీ, ఎంపికకూ మూలం ఒకటే: హైడ్రోజన్-బ్రోమిన్ బంధం బలహీనమైనది. ఆ బలహీనత వల్ల మొదటి అడుగు ఉష్ణగ్రాహకమైంది. అందువల్ల శిఖరం ఎత్తుగానూ ఉంది, ఆలస్యంగానూ వచ్చింది. ఎత్తు వల్ల వేగం తగ్గింది, ఆలస్యం వల్ల ఎంపిక పెరిగింది.

ఇదే తూకంలో మిగతా రెండు హాలోజన్‌లను కూడా చూడవచ్చు. హైడ్రోజన్-ఫ్లోరిన్ బంధం 570. మీథేన్ నుంచి ఫ్లోరిన్ హైడ్రోజన్‌ను లాగితే 131 కిలోజౌళ్లు ఒక్క అడుగులోనే వెలువడతాయి, చర్య మొత్తం మీద 400కు పైగా. అది విస్ఫోటనమే తప్ప ప్రయోగశాలలో మామూలుగా అదుపు చేయగల చర్య కాదు. హైడ్రోజన్-అయొడిన్ బంధం 298. అక్కడ 141 కిలోజౌళ్ల లోటు. అయొడినీకరణం ద్విగత (రెండు వైపులా సాగే) చర్య అని, వెలువడే హైడ్రోజన్ అయొడైడ్‌ను ఆక్సీకరించడానికి అయొడిక్ ఆమ్లం గానీ నత్రికామ్లం గానీ కలపాలని మీరు ఇంటర్‌లో చదివే ఉంటారు. పరీక్షలో అది తప్పక రాయండి. అయితే మీ వరకు మనసులో ఇంకొక మాట కూడా ఉంచుకోండి: 141 కిలోజౌళ్ల మెట్టు ఎక్కాల్సిన చోట, తిరుగు చర్యను ఆపినంత మాత్రాన ముందుకు సాగే చర్య వేగం పుంజుకోదు.

పరీక్షల్లో ఎక్కువ మంది బోల్తా పడే చోటు ఐసోబ్యూటేన్. టెర్షియరీ రాడికల్ (మూడు కార్బన్‌లతో ముడిపడ్డ కార్బన్ మీద ఏర్పడేది) స్థిరమైనది కాబట్టి క్లోరిన్‌తో కూడా టెర్షియరీ బ్యూటైల్ క్లోరైడే ఎక్కువ వస్తుందని రాసేస్తారు. టెర్షియరీ హైడ్రోజన్ చర్యాశీలత ప్రైమరీకి 5 రెట్లన్నది నిజమే, కానీ టెర్షియరీ హైడ్రోజన్ ఒక్కటే ఉంది, ప్రైమరీవి తొమ్మిది ఉన్నాయి. 9ని 1తో గుణిస్తే 9, 1ని 5తో గుణిస్తే 5. మొత్తం 14లో 9 వంతులు, అంటే 64 శాతం ఐసోబ్యూటైల్ క్లోరైడే. ప్రయోగంలో వచ్చేదీ అంతే. బ్రోమిన్‌కు టెర్షియరీ విలువ 1600 కాబట్టి, ఆ ఒక్క హైడ్రోజనే తొమ్మిదింటినీ తోసిపుచ్చి 99 శాతానికి పైగా టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్‌ను ఇస్తుంది. క్లోరిన్ విషయంలో సంఖ్యాబలం కూడా చూడాలి, బ్రోమిన్ విషయంలో దాదాపు చూడనక్కర్లేదు.

ప్రవేశ పరీక్షలకు ఇష్టమైన మరో అణువు 2-మిథైల్‌బ్యూటేన్. దీని ఏక క్లోరినీకరణంలో నిర్మాణపరంగా నాలుగు ఉత్పన్నాలు వస్తాయి. వాటిలో 1-క్లోరో-2-మిథైల్‌బ్యూటేన్‌కూ, 2-క్లోరో-3-మిథైల్‌బ్యూటేన్‌కూ కైరల్ కార్బన్ (నాలుగు వేర్వేరు సమూహాలు అతికిన కార్బన్) ఉంది. ఒక్కోటి రెండేసి ప్రతిబింబ రూపాల్లో వస్తుంది కాబట్టి మొత్తం ఆరు. ప్రతిబింబ రూపాల మరుగు స్థానం ఒకటే కనుక అంశిక స్వేదనంతో వేరు చేయగలిగేవి నాలుగే. ఏది అడిగారో చూసుకోకుండా ఆరు అనో నాలుగు అనో రాయకండి.

మీరు అడగకపోయినా టోలీన్ (మిథైల్ సమూహం అతికిన బెంజీన్) గురించి చెప్పాలి, ఎందుకంటే బంధ విలువల లెక్క మీ పుస్తకంలో వేరే అధ్యాయంలో ఉన్న చర్యను కూడా వివరిస్తుంది. ఇనుప హాలైడ్ ఉత్ప్రేరకంతో, చీకట్లో బ్రోమిన్ కలిపితే బెంజీన్ వలయం మీద ప్రతిక్షేపణ జరుగుతుంది. అది అయాన్‌ల చర్య, ఇక్కడి లెక్కకు సంబంధం లేనిది. ఉత్ప్రేరకం లేకుండా వెలుతురులో కలిపితే పక్క శృంఖలం మీద, అంటే మిథైల్ సమూహం మీద జరుగుతుంది. ఆ మిథైల్ సమూహంలోని, అంటే బెంజైల్ స్థానంలోని కార్బన్-హైడ్రోజన్ బంధం సుమారు 375 కిలోజౌళ్లు. బ్రోమిన్ పరమాణువు దాన్ని లాగడానికి లోటు 9 మాత్రమే. వలయం మీది బంధం 470కి పైమాటే. అక్కడ లోటు వంద దాటుతుంది. రాడికల్ వలయాన్ని వదిలి మిథైల్ సమూహం దగ్గరకే ఎందుకు పోతుందో ఇక వేరే సూత్రం బట్టీ పట్టాల్సిన పని లేదు. ఆల్కీన్‌లలో అల్లైల్ స్థానాన్ని (ద్విబంధం పక్కనున్న కార్బన్‌ను) బ్రోమినీకరించడానికి ఎన్-బ్రోమోసక్సినిమైడ్ వాడటం వెనక కూడా ఇదే బలహీన బంధం ఉంది. ఆ కారకం బ్రోమిన్‌ను కొద్దికొద్దిగా మాత్రమే విడుదల చేస్తుంది కాబట్టి, బ్రోమిన్ ద్విబంధానికి సంకలనం చెందే పోటీ చర్య వెనకబడుతుంది.

ఈ చర్యలు పుస్తకాలకే పరిమితమని అనుకోకండి. మీథేన్‌ను గానీ మిథైల్ క్లోరైడ్‌ను గానీ వేడితో క్లోరినీకరించి తయారుచేసే డైక్లోరోమీథేన్‌నే హైదరాబాదు చుట్టూ ఉన్న బల్క్ డ్రగ్ పరిశ్రమల్లో ఎండీసీ అని పిలుస్తూ ద్రావణిగా వాడతారు. కెమిస్ట్రీ చదివినవారిలో చాలామందికి మొదటి ఉద్యోగంలోనే ఆ పేరు వినిపిస్తుంది. మీథేన్ క్లోరినీకరణం ఒక్క ఉత్పన్నంతో ఆగదు, మిథైల్ క్లోరైడ్ కూడా మళ్లీ క్లోరిన్‌తో చర్య జరుపుతుంది. అందుకే మిథైల్ క్లోరైడే ముఖ్యంగా కావాలంటే మీథేన్‌ను బాగా ఎక్కువ మోతాదులో తీసుకోవాలి. నాలుగు ఉత్పన్నాల మరుగు స్థానాలు సుమారు మైనస్ 24, 40, 61, 77 డిగ్రీలు కాబట్టి స్వేదనంతో వాటిని విడదీయడం కష్టం కాదు.

కంఠస్థం సంగతికి వస్తే, కొన్ని సంఖ్యలు గుర్తుంచుకోక తప్పదు, కానీ మీరు భయపడినన్ని కాదు. హైడ్రోజన్ హాలైడ్‌ల నాలుగు విలువలు 570, 431, 366, 298. మీథేన్‌కు 439, ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ బంధాలకు సుమారుగా 423, 413, 404. సాపేక్ష చర్యాశీలతలు క్లోరిన్‌కు 1, 3.8, 5; బ్రోమిన్‌కు 1, 82, 1600. ఇంతకు మించి ఏ శాతాన్నీ బట్టీ పట్టకండి, అవసరమైనప్పుడు లెక్క కట్టుకోండి. జవాబు రాసేటప్పుడు ఒక్క ఎలక్ట్రాన్ కదలికకు ఒకవైపే ముల్లున్న బాణాన్ని గీయండి. రెండు ముళ్ల బాణం గీస్తే ఎలక్ట్రాన్ జంట కదిలిందని అర్థం, మూల్యాంకనం చేసేవారు దాన్ని తప్పుగానే పరిగణిస్తారు. ఎంపిక గురించి వివరించమంటే క్లోరిన్, బ్రోమిన్‌ల మొదటి పురోగమన దశకు పక్కపక్కనే రెండు శక్తి పటాలు గీసి, ఒకదానిలో శిఖరాన్ని ఎడమవైపు, రెండోదానిలో కుడివైపు చూపించండి. నా ఉద్దేశంలో ఆ రెండు పటాలు ఒక పేజీ వ్యాసంకంటే మేలు.

చివరగా మీరే చేసి చూసుకోవడానికి ఒక లెక్క: 2,3-డైమిథైల్‌బ్యూటేన్‌లో పన్నెండు ప్రైమరీ, రెండు టెర్షియరీ హైడ్రోజన్‌లు ఉన్నాయి. ఏక హాలోజనీకరణంలో క్లోరిన్‌తో ప్రైమరీ ఉత్పన్నం దాదాపు 55 శాతం, టెర్షియరీది 45 శాతం. బ్రోమిన్‌తో టెర్షియరీది 99.6 శాతం వస్తే మీ లెక్క సరిగ్గా ఉన్నట్టే.